కట్టకు బుంగ పడినప్పుడు

చెఱువుకట్ట తెగుట యెట్టిదో ఆంధ్రదేశమున నెవ్వరికిని వేఱుగ వర్ణించి చెప్ప నక్కఱలేదు. అనంతపురము జిల్లాలోని బుక్కరాయసముద్రము చెఱువుకట్ట తెగబోవుచుండగా, ఊరిని కాపాడుటకై ముసలమ్మ యను కోడలు ఆ గండికి తన ప్రాణము లర్పించెనని జనులు చెప్పుకొను కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగ రచించిరి. తెలంగాణమున నేటికిని ఎన్నో చెఱువుకట్టలపై కట్టమైసమ్మ కొలువై పూజ లందుకొనుచున్నది. ఈ కథలను మూఢవిశ్వాసములని త్రోసివేయుట మిక్కిలి సులభము. కాని వానిలో నొక యనుభవము దాగియున్నది. మట్టి పోసి, రాళ్లు దొర్లించి, కంపయు గడ్డిమోపులును త్రొక్కి, చేయదగిన దంతయు చేసి, తుదకు చేతులుడిగి గట్టున నిలిచిన వారి యనుభవ మది. బుంగలో పడవేసిన దేదియు నిలువలేదు. ఇంక వేయుటకు మనిషియే మిగిలెను.

ఈ యనుభవము మన పల్లెవారికి మాత్రమే కలిగినది కాదు. మానవుని చంద్రునిపై నడిపించి ఇంకను ఏడేండ్లు నిండని దేశమున, 1976వ సంవత్సరము జూన్ 5వ తేదీని, ఇద్దరు చోదకులు రెండు బుల్‌డోజరులతో నొక బుంగను పూడ్చుటకు దిగిరి. ఆ దినమున జరిగినదానిని మన పాఠకులు కొంచెము వివరముగ తెలిసికొనవలెనని మా కోరిక. ఏలయన, ఆనకట్టల చరిత్రలో ఇంత స్పష్టముగ, పట్టపగలు, కెమెరాల యెదుట జరిగిన పతనము మఱియొకటి అరుదు.

ఆ కట్ట పేరు టీటన్. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఐడహో రాష్ట్రమున, ఫెడరల్ ప్రభుత్వమునకు చెందిన రిక్లమేషన్ బ్యూరోవారు దానిని కట్టిరి. ఎత్తు 305 అడుగులు. కట్ట అంతయు మట్టిది. 1975 శరత్కాలమున నీరు నింప మొదలిడిరి. క్రొత్త మట్టికట్టకు నీరు పట్టించునప్పుడు దినమునకు ఒక యడుగు మించి మట్టము పెరుగరాదని వారి నియమము. మరుసటి వసంతమున మంచు విశేషముగ కరగి నది పొంగివచ్చెను. నియమమును రెండడుగులకు సడలించిరి; తరువాత నది ఆ సడలింపును సహితము లక్ష్యపెట్టక మూడడుగులు దాటి పెరిగెను. అడ్డుకొనుటకు వారిచేత నేమియు లేదు. ప్రధానమైన తూము ఇంకను సిద్ధము కాలేదు! నీరు నింపుటకు తొందరపడిరి గాని, కావలసివచ్చినప్పుడు వదలుటకు దారి యేర్పఱచుకొనలేదు. ఈ యొక్క సంగతి మనసున నుంచుకొని తక్కిన కథ వినవలెను.

జూన్ 3వ తేదీన కట్టకు దిగువ, వేయి యడుగులకు పైగా దూరమున, చిన్న చిన్న ఊటలు కనబడెను. నీరు తేటగ నుండెను. మరునాడు కట్టకు మఱింత దగ్గఱగ ఇంకొక ఊట పుట్టెను. 5వ తేదీ శనివారము ఉదయము ఏడు గంటల ప్రాంతమున పనివారు వచ్చి చూచుసరికి కుడిగట్టున, కట్ట పాదమువద్ద, బురదనీరు పాఱుచుండెను. కొంతసేపటికి కట్ట మీదిభాగమునను, కుడి కొండ కానుకొని, మఱియొక ఊట. పదిన్నర గంటల వేళ పెద్ద చప్పుడయి, కట్ట వాలునుండి నీరు ఎగజిమ్మెను. బుంగలోనికి మట్టిని, రాతిని నెట్టుటకై రెండు బుల్‌డోజరులను పంపిరి. అవి ఎంత నెట్టిన నంతయు బుంగ మ్రింగివేసెను; ఒక్కొక్క పార మట్టికి అంచు ఒక్కొక్క గజము విఱిగి పడుచు, యంత్రముల క్రిందికే వచ్చెను. పదునొకండున్నర లోపల రెండు యంత్రములును బుంగలో కూలినవి. చోదకులు అదృష్టవశమున ప్రాణములతో బయటపడిరి. ఆ వేళకే జలాశయములో, కట్టకు ఎగువను, సుడిగుండము లేచెను. మఱి రెండు బుల్‌డోజరులు కట్టపైనుండి ఆ సుడిలోనికి రాళ్లు త్రోసినవి. ఫలితము లేక వెనుదిరిగినవి. పండ్రెండు గంటలు కాకమునుపే కట్ట శిరస్సు కూలెను. సుమారు 11 టీఎంసీల నీరు లోయపై విఱుచుకొనిపడి విల్‌ఫర్డ్, షుగర్ సిటీ, రెక్స్‌బర్గ్ ఊళ్లను ముంచెను. పదునొక్కమంది మరణించిరి, పశువులు వేలకొలది నశించెను.

పదునొక్కమందియే! ఆ ప్రళయమునకు ఈ సంఖ్య చిన్నదనియే చెప్పవలెను. దానికి కారణము బుల్‌డోజరులు కావు. పదిన్నర దాటిన కొన్ని నిమిషములకే కట్ట అధికారులు దిగువ జిల్లాల షెరీఫులకు కబురంపిరి. పగటివేళ కనుక వేలాది ప్రజలు మెరకల కెక్కిరి. ఆ ఉదయమున జరిగిన పనులలో ప్రాణములు నిలిపినది టెలిఫోను. ప్రాణములకు ముప్పు తెచ్చినది పూడ్పు ప్రయత్నము.

తరువాత విచారణ జరిపిన నిపుణుల సంఘము కారణమును నిరూపించెను. కుడివైపు కొండ నిండ నెఱ్ఱెలు బారిన అగ్నిశిల. ఆ శిలలో లోతుగ కందకము త్రవ్వి, గాలికి కొట్టుకొనివచ్చి పేరిన మెత్తని ఒండుమట్టితో దానిని నింపిరి. ఆ మట్టి పొడిగ నున్నంతసేపు గట్టి. నీరు తగిలి దారి దొరికిన యెడల పిండివలె కొట్టుకొనిపోవును. శిలలోని నెఱ్ఱెలలోనికి సిమెంటు పాలను ఒత్తిడితో ఎక్కించి, నీటిని ఆపితిమని నమ్మిరి. ఆ తెర కొండలో కొంతమేర నీటిని తగ్గించెనేమో గాని, మట్టిని నెఱ్ఱెలనుండి కాపాడుటకు నడుమ ఇసుకపొర యేదియు లేకపోయెను. నీరు రానే రాదను ధీమాతో, వచ్చినచో ఏమి చేయవలెనో యోచింపలేదు.

ఇక్కడ శాస్త్రమును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. మట్టికట్టలో ఊట లేకుండుట యనునది లేదు. ఊరని కట్ట లోకమున లేదు. ఊట తనంత తాను రోగము కాదు. ఊటతో మట్టి కదలివచ్చుటయే రోగము. తేటనీరు వచ్చుచున్నంత కాలము దానిని కొలిచి, పుస్తకములో వ్రాసికొని, నిదానముగ ఆలోచింపవచ్చును. నీరు మురికి యయ్యెనా, లోపల కట్ట కరగిపోవుచున్నదని తెలియవలెను. పైగా ఈ బుంగ పెరుగు తీరు విచిత్రమైనది. ఎలుక కలుగువలె నీటివైపునుండి ఇవతలకు వచ్చునని మన మనుకొందుము. సాధారణముగ జరుగునది దీనికి తలక్రిందు. నీరు వెలువడు చోటున మొదటి రేణువు ఊడిపడును. దాని వెనుకది తరువాత. ఇట్లు బుంగ దిగువనుండి ఎగువకు, జలాశయమువైపు, వెనుకకు వెనుకకు త్రవ్వుకొని పోవును. ఆ సొరంగము జలాశయమును ముట్టిన క్షణమున పని తీఱును. దీనినే ఇంజనీర్లు పైపింగు అందురు. బయటికి వ్రేలంత ఊట కనబడునప్పటికే లోపల ఎంత దూరము పోయినదో చెప్పగలవాడు లేడు.

ఇట్టి బుంగకు నోటివద్ద బంకమట్టితో గట్టిగ బిరడా వేసినచో నేమగును? నీటి ఒత్తిడి తగ్గదు. ఎగువ జలాశయ మున్నంతవఱకు అది తగ్గనేరదు. బిరడా వెనుక కట్టలోపల నీరు నిలిచి, పొడిగ నుండవలసిన దిగువ భాగమును నానబెట్టును. నానిన వాలు జాఱును. లేదా నీరు బిరడాను ప్రక్కకు తప్పించుకొని, ముందెవ్వరును చూడని తావున, ముందుకంటె బలముగ పైకి చిమ్మును. అన్నిటికంటె కీడేమనగా, ఊట కంటికి కనబడక పోవుటచే కాపలావాడు నిశ్చింతగ నిద్రించును. పెద్ద రాళ్లు పడవేసిన ప్రయోజనముండునా? రాతికి రాతికి నడుమ సందులనుండి మట్టి యథేచ్ఛగ సాగిపోవుచునే యుండును.

తగిన వైద్యము వేఱు. మన యింటి యాఁడువా రెఱిగినదే. గంజి వార్చునప్పుడు గిన్నెపై చిబ్బి పెట్టుదురు. గంజి పోవును, మెతుకు నిలుచును. గంజియు పోరాదని మూతను బిగించి, గిన్నెను పొయ్యిమీదనే యుంచువారు లేరు. ఊటపై మొదట సన్నని ఇసుక, దానిపై కంకర, దానిపై బరువుకు రాయి, ఈ క్రమమున పఱచిన యెడల నీరు తేటయై బయటికి పాఱును. మట్టి లోపలనే నిలుచును. పై బరువు వాలును అదిమిపట్టును. ఏ మట్టికి ఎంత పరిమాణపు ఇసుక కావలెనో మృత్తికాశాస్త్ర పితామహుడని పేరొందిన కార్ల్ టెర్జాగీ గత శతాబ్దపు పూర్వార్ధముననే సూత్రములు చెప్పెను. వరదకాలమున నదీ కరకట్టల వెనుక ఇసుక బుగ్గలు లేచినప్పుడు అనుభవజ్ఞులు బుగ్గను పూడ్వరు. దాని చుట్టును ఇసుకబస్తాలతో బావివరలాగున గోడ కట్టి, లోపల నీటిమట్టమును కొంచెము పెంచుదురు. ఆ నీటి బరువే బుగ్గ వేగమును తగ్గించును. మట్టి రాక నిలుచును. తేటనీరు గోడమీదుగ పొరలిపోవుచునే యుండును.

మన పల్లెలలో కట్ట కాచువారు బుంగను ఎగువవైపునుండి, నీటిలో మునిగి, నోరు వెదకి, గడ్డియు రేగడియు కూరి మూయుట కలదు. అది తప్పని మేము చెప్పుటలేదు. ఎగువన వేసిన బిరడాను నీరే లోనికి అదుముకొనును. పది పదిహేనడుగుల నీరున్న చెఱువులో, ఒకే బుంగ, అది కంటపడినచో, ఆ యుపాయము ఫలించును. నూఱడుగుల జలాశయమున ఆ నోరు ఎక్కడనో, ఎన్నియో తెలియదు. దిగిన మనిషిని నీరు లోనికి లాగికొనును. పెద్దకట్టలో సిమెంటు పాలను మితిమీరిన ఒత్తిడితో ఎక్కించినను చిక్కే. మట్టి గర్భము చీలి క్రొత్త నెఱ్ఱెలు పుట్టును, నీరు పోవలసిన కాలువలు పూడుకొనిపోవును.

ఈ తుది సంగతి రాతికట్టలకును కాంక్రీటు కట్టలకును మఱింత ముఖ్యము. వాని గర్భమునను పునాదులలోను నీటిని బయటికి వదలుటకు బోరులు, సొరంగములు ఉద్దేశపూర్వకముగ అమర్తురు. అవి కాఱుచుండుట చూచి కట్ట చెడినదని కేకలువేయు సందర్శకులు కలరు. అవి కాఱుట మానినప్పుడే భయపడవలెను. అప్పుడు పునాది క్రింద చేరిన నీరు కట్టను పైకెత్త జూచును. 1928 మార్చి 12వ తేదీ ఉదయమున లాస్ ఏంజిలస్ నగరపు నీటికై కట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ కాంక్రీటు కట్టవద్ద బురద ఊటను చూచి కాపలాదారు కబురంపెను. ఆ కట్ట నిర్మాత, ఆ కాలమున మహేంజనీరని కీర్తి వడసిన విలియం ముల్‌హాలండ్, స్వయముగ వచ్చి చూచి, ప్రమాదము లేదని వెడలెను. అంతకు మునుపు పగుళ్లను జనుముపీచు కూరి మూసియుండిరి. ఆనాటి యర్ధరాత్రి కాకమునుపే కట్ట కూలెను. నాలుగువందలకు పైగా ప్రజలు హతులైరి. అదే నగరమున 1963 డిసెంబరు 14వ తేదీన బాల్డ్‌విన్ హిల్స్ జలాశయమునకు ఊట పుట్టినప్పుడు కాపలాదారు వెంటనే కనిపెట్టెను. నీటిని తోడి వదలసాగిరి. పోలీసులు ఇల్లిల్లు తిరిగి జనులను లేపిరి. కట్ట సుమారు నాలుగు గంటలలో తెగినది. మృతులు ఐదుగురు.

పూడ్చుట ఎన్నటికిని ముగియని పనియని ఎఱుగగోరువారు ఇరాకులోని మోసుల్ కట్టను చూడవచ్చును. నీటిలో కరగు జిప్సముపై దానిని కట్టిరి. 1980వ దశకమున నీరు నింపినది మొదలు క్రింద ఖాళీలు పడుచునే యుండగా, సిమెంటు పాలు ఎక్కించుచునే వచ్చిరి. 2014లో యుద్ధమువలన ఆ పని కొంతకాలము నిలిచిపోవుటతో లోకమంతయు బెదరెను.

ఇంక మన దేశమునకు వత్తము. 1961 జూలై 12వ తేదీన పుణే నగరమునకు ఎగువన పాన్షెట్ కట్ట తొలి వానకాలముననే తెగెను. తూముపని పూర్తికాకముందే నీరు నిండెను. తూముపైని కట్ట క్రుంగెను. సైనికులు రాత్రియంతయు వానలో ఇసుకబస్తాలు మోసిరి. ఆ వీరుల శ్రమ కొన్ని గంటల గడువు సంపాదించెను. ఆ గంటలను పుణే ప్రజలను తరలించుటకు వినియోగింపవలసినవారు వినియోగింపలేదు. తెల్లవాఱి కట్ట తెగి, క్రిందనున్న ఖడక్‌వాస్లాను తెగగొట్టి, నగరమును ముంచెను. బస్తాలు వేసిన చేతులు నిందార్హములు కావు. ఆ బస్తాలు దేనికి గడువు కొనుచున్నవో తెలియని పెద్దలదే నింద.

2019 జూలై 2వ తేదీ రాత్రి మహారాష్ట్రమునందే రత్నగిరి జిల్లాలో తివరే కట్ట తెగి సుమారు ఇరువదిమంది చనిపోయిరి. కట్ట కాఱుచున్నదని గ్రామస్థులు ముందుగనే మొఱపెట్టుకొనిరి. పైపై మరమ్మతులును జరిగెను. తెగిన తరువాత ఆ రాష్ట్రపు మంత్రి యొకరు ఎండ్రకాయలు కట్టను తొలిచినవని సెలవిచ్చిరి. ఎండ్రకాయలును, పందికొక్కులును కట్టలను తొలుచుట నిజమే. ఆ మాట మన నీరటివాని కెన్నో తరములనుండి తెలియును. అందుకే వాడు ప్రతిదినము కట్టమీద నడచుచుండెను. వాని జీతము నిలిపివేసి ఎండ్రకాయపై నేరము మోపుట పాలకులకు తగదు.

మంచి నడవడికి నిదర్శనము లేకపోలేదు. 2022 ఆగస్టులో మధ్యప్రదేశమున ధార్ జిల్లాలో, ఇంకను నిర్మాణములోనున్న కారం కట్టకు ఊట పుట్టెను. దిగువనున్న పదునెనిమిది గ్రామముల జనులను తరలించిరి. కట్ట ప్రక్కన కాలువ త్రవ్వి నీటిని పోనిచ్చిరి. ఆ కట్టను అట్లు కట్టినవారిని మేము సమర్థించుట లేదు. కాని ప్రాణనష్టము లేదు. బుంగతో పెనగులాడుటకు బదులు జలాశయమును దించిరి. ఒత్తిడికి మూలమును తీసివేసిరి.

గోదావరిపై మేడిగడ్డ, అన్నారము బ్యారేజీలలో జరిగిన సంగతి తెలుగువారందఱికిని తెలిసినదే. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ స్తంభములు 2023 అక్టోబరున క్రుంగెను. పునాది క్రింది ఇసుక నీటితో కొట్టుకొనిపోవుట కారణములలో నొకటియని జాతీయ ఆనకట్టల రక్షణ సంస్థ సంఘము తేల్చెను. ఆ వెనుకనే అన్నారమున బుంగలు బయటపడగా ఇసుకబస్తాలు వేసిరి. నదిలోని ఇసుకపై కట్టిన బ్యారేజీకిని మట్టికట్టకును ధర్మ మొక్కటే. అటుపిమ్మట సభలలోను పత్రికలలోను జరిగిన చర్చలో దోషి యెవ్వరను ప్రశ్నయే మిక్కుటముగ వినవచ్చెను. దోషిని శిక్షింపవలసినదే. కాని క్రుంగకముందు ఊటనీటిని కొలిచినవా రెవ్వరు, అందులో ఇసుక వచ్చుచుండెనా యని చూచిన వా రెవ్వరు, ఆ లెక్కలు ఎవ్వరికి పంపిరి, చదివినవా రెవ్వరు, అను ప్రశ్న లంత బిగ్గఱగ వినబడలేదు.

దేశమున ఆఱువేలకు పైగా పెద్ద ఆనకట్టలు కలవు. 2021లో పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టమును చేసెను. వానకాలమునకు ముందును వెనుకను తనిఖీ, ప్రతి కట్టకును ఆపత్కాల ప్రణాళిక అందులో విధింపబడినవి. శాసనము మంచిదే. అదే సంవత్సరము నవంబరు 19వ తేదీని కడప జిల్లాలో అన్నమయ్య కట్టపై చెయ్యేరు పొరలి మట్టిభాగమంతయు కొట్టుకొనిపోయినప్పుడు ఒక గేటు చెడియుండెను. అది బుంగ రోగము కాదు, నీరు పొరలిన రోగము. 1958లో కడెం తెగినదియు అట్టిదే. కాని మూలము టీటన్‌దే. నీరు వదలవలసినవేళ వదలు సాధనము పనిచేయలేదు.

కావున మేము కోరునవి పెద్దవి కావు. కట్టలపై లస్కరుల ఖాళీలను పూరింపవలెను. ఊటను కొలుచు గట్లు పెట్టి, ఆ కొలతలను నెలనెల ప్రకటింపవలెను. ఇసుకయు కంకరయు గుట్టలుగ కట్టదగ్గఱనే నిలువయుండవలెను. బుంగ పడిన రాత్రి టెండరు పిలుచుటకు వ్యవధి యుండదు. ఆపత్కాల ప్రణాళికను ఇంగ్లీషున వ్రాసి సచివాలయపు బీరువాలో దాచక, తెలుగున అచ్చొత్తించి, ఏ ఊరివారు ఏ మెరకకు పోవలెనో పటముతో సహా దిగువ గ్రామములందు పంచవలెను. లస్కరు పంపిన మొఱకు బదులు రాకున్నచో నేరుగ కలెక్టరుకు చెప్పు అధికారము వానికి ఉండవలెను.

ఇంకొకటి. మన పాఠకులలో కొందఱు శాసనసభ్యులను, ఇంజనీర్లను ఎఱిగినవారుందురు. మీ ఊరి యెగువనున్న జలాశయమును గూర్చి వారి నొక్క ప్రశ్న యడుగుడు: ఇప్పుడు నిండియున్న ఈ నీటిని, గేట్లును తూములును నేడున్న స్థితిలోనే, సగమునకు దించుటకు ఎన్ని దినములు పట్టును? ఆ సంఖ్యను కట్టమీద, అందఱికి కనబడునట్లు, రంగుతో వ్రాయింపుమని కోరుడు.